గాలయ్య తెచ్చిన చీర

టీవీలో అవార్డు ఫంక్షన్ వస్తే మా ఇంట్లో ఇద్దరమే చూస్తాం. నేనూ, మా నాయనమ్మ సిద్దమ్మవ్వా. అభిమానంతో కాదు. తిట్టడానికి.

ఆ అవార్డుల పండుగంత పరస్పర డబ్బా ఇంకోటి లేదు. వీడు వాడికిస్తాడు, వాడు వీడికిస్తాడు. ఇచ్చినవాడు "వీరి ముందు నేనెంత" అంటాడు. పుచ్చుకున్నవాడు "అంతా మీ ఆశీర్వాదం" అని నడుం వంచుతాడు. కింద సోఫాల్లో కూర్చున్నవాళ్ళు కెమెరా తమ వైపు తిరగ్గానే నవ్వు తగిలించుకుంటారు, అది తిరిగిపోగానే తీసేసి ఫోన్ చూసుకుంటారు. ఎవరైనా ఉత్త చేతులతో ఇంటికి పోతే పాపమని "ప్రేక్షకులు మెచ్చిన హీరో", "విమర్శకులు మెచ్చిన హీరో", "యువత మెచ్చిన హీరో" అని ఒక్క అవార్డునే ముక్కలు చేసి పంచుతారు. బంతిలో కూర్చున్నాక ఎవరి విస్తరికీ లడ్డూ తప్పకూడదు కదా!

అవ్వకు ఆ మాటలు సగం అర్థం కావు. "మాటలెందుకే, బట్టలు చూస్తే చాలదా" అంటుంది. ఒకసారి ఒక హీరోయిన్ ఎర్ర తివాచీ మీద నడిచొస్తోంది. వెనకాల బారెడు గౌను ఈడ్చుకుంటూ వస్తోంది, దాన్ని మోయడానికి ఇద్దరు మనుషులు.

"గా తోకెందుకే దానికి?" అంది అవ్వ.

"ఫ్యాషన్ అవ్వా."

"ఎంత వెట్టి కొన్నదట?"

"కొన్లేదవ్వా. కిరాయిది. పొద్దుగాల తిరిగి ఇచ్చేస్తది."

అవ్వ నోట్లో నములుతున్న ఆకును కిటికీలోంచి తుప్పున ఉమ్మేసింది. "థూ! కిరాయి గుడ్డకా గింత టెక్కు!"

ఆనాటి నుంచి మా ఇద్దరికీ అది ఊతపదమైపోయింది. ఎవడు ఎక్కువ చేసినా "కిరాయి" అనుకుని నవ్వుకుంటాం.

నా పేరు భాగ్యజ్యోతి. ఊరు చిమ్కోడ్. బీదర్‌లో డిగ్రీ ఆఖరి ఏడాది, బీకామ్. పొద్దున్నే పాలక్యాన్ల మధ్య ఒంటికాలి మీద నిలబడి బస్సులో పోతాను, సాయంత్రం కొత్తిమీర గంపల మధ్య తిరిగొస్తాను. నాకున్నవి నాలుగు చుడీదార్లు. వాటినే మార్చి మార్చి వేసుకుంటుంటే మా క్లాసు పిల్లలు వారాన్ని బట్టి రంగు చెప్పగలరు. చెప్పుకోనీ. వాళ్ళ ఫ్యాషన్ చూసి నేను నవ్వుకున్నంత, నా చుడీదార్ చూసి వాళ్ళు నవ్వుకోలేదు.

మా బాబాయి కూతురు సోనాలినే తీసుకోండి. బీదర్ కాలనీలో ఉంటారు. నా కాలేజీలోనే రెండో ఏడాది. ఆ పిల్ల రోజూ పొద్దున గంటసేపు అద్దం ముందు కూర్చుని వేసుకునే మేకప్ పేరేమిటో తెలుసా? "నో మేకప్ లుక్". ఏమీ వేసుకోనట్టు కనబడటానికి అన్ని డబ్బాలు! పెదవికి పెదవి రంగే పూస్తుంది. అవ్వకు ఇది చెబితే నా మొహం చూసి, "మరి పూసుకోకుంటే ఏమైతది?" అంది. అది సోనాలినే అడగాలి.

ఫిబ్రవరిలో మా కాలేజీలో ఎత్నిక్ డే పెట్టారు. ఏడాదంతా పల్లెటూరివాళ్ళు పక్కన కూర్చుంటే ముక్కు మూసుకునేవాళ్ళు, ఒక్కరోజు పల్లెటూరి వేషం కట్టి ఫోటోలు దిగడాన్ని ఎత్నిక్ డే అంటారు. ఈసారి దానికి అవార్డు ఫంక్షన్ కూడా కలిపారు. టీవీలో చూసినట్టే ఎర్ర తివాచీ, యాంకర్లు, జడ్జీలు, అన్నీ ఉంటాయన్నారు. దీనంతటికీ పెద్ద మా క్లాసు సిద్ధార్థ్. వాడు నా దగ్గరికొచ్చి, "జ్యోతీ, నీకైతే ఏం తక్లీఫ్ లేదు. ఇంట్ల ఎట్లుంటవో గట్లనే వచ్చెయ్, నీదే ఫస్ట్ ప్రైజ్" అన్నాడు. పైగా పొగిడాననుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను పాల్గొననని మొహం మీదే చెప్పేశాను.

సోనాలి మాత్రం ఆ ముందు ఆదివారం స్కూటీ వేసుకుని మా ఊరొచ్చింది. అవ్వ పాత చీర కావాలట, "ఒరిజినల్" కావాలట. నేను ఇంట్లో లేను, కిరాణా కొట్టుకు పోయాను. అవ్వ పక్కింట్లో కూర్చుని ఉంది. మా అమ్మ మహాదేవి వాకిట్లో కందులు చెరుగుతోంది. చేతిలో చాట, కళ్ళలో దుమ్ము. "అవ్వ సందుగల ఉంటయి, ఏది కావాల్నో తీస్కపో బిడ్డా" అందట తలెత్తకుండానే. సోనాలి తీసుకుపోయింది. ఏది తీసుకుపోయిందో ఎవరూ చూడలేదు.

ఎత్నిక్ డే రోజు పొద్దున నేను బస్సుకు తయారవుతూ ఫోన్ తీశాను. సోనాలి స్టేటస్ పెట్టింది. నుదుట రూపాయంత బొట్టు, ముక్కుకు అతికించిన నత్తు, ఆకుపచ్చ ఇర్కల్ చీర, ఎర్ర కొంగు. కింద "మా అజ్జి పెళ్ళి చీర" అని రాసింది. అజ్జి అంటే కన్నడంలో అవ్వే. ఇద్దరం కలిసి నవ్వుకుందామని అవ్వకు చూపించాను.

అవ్వ కళ్ళు చిట్లించి చూసింది. "అబ్బో, ముక్కుపుల్ల జూడు, ఎద్దు ముకుదాడు లెక్క…" అని నవ్వబోయి, మధ్యలో ఆగింది. ఫోన్ ఇంకా దగ్గరికి లాక్కుంది. లేచి లోపలికి పోయింది. సందుగ పెట్టె మూత లేచిన చప్పుడు వినబడింది. నేను వెనకే పోయాను. అవ్వ నేల మీద కూర్చుని ఉంది. చేతిలో ఒక పాత తెల్ల రుమాలు, మగవాళ్ళు తలకు చుట్టుకునేది. ఉత్తదే.

"నా సావు చీర పోయిందే, బిడ్డా" అంది.

మా దిక్కున ఆడది చనిపోతే ఆమె మీద ఆఖరి బట్ట పుట్టింటివాళ్ళు తెచ్చి కప్పాలి. కొత్తది కప్పాలి. కొడుకులు పట్టుచీరలు కప్పినా అది లెక్కలోకి రాదు. పుట్టింటి బట్ట వచ్చేదాకా పాడె లేవదు. రాకపోతే "పుట్టింటి దిక్కు లేనిది" అని ఊరు తరతరాలు చెప్పుకుంటుంది. అవ్వ పుట్టిల్లు బసవకళ్యాణ్ అవతల ఒక పల్లె. అక్కడ మిగిలింది తమ్ముడు గాలయ్య ఒక్కడే. పెళ్ళి చేసుకోలేదు, వెనకా ముందూ ఎవరూ లేరు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు ఆయన బస్సు దిగి, తల మీది రుమాలు విప్పి, దాంట్లో చుట్టి తెచ్చిన ఈ చీర తీసి అక్క ఒడిలో పెట్టాడు.

"అక్కా, నాకు దమ్ము రోగం ఎక్కువైతాంది. నీకంటె ముందే పోయేటట్టున్న. నేను పోతే నీ మీద బట్ట కప్పెటోడు ఎవ్వడే? గందుకే ముందే తెచ్చిన" అన్నాడు.

"నీ నోట్లె మన్నువడ! బతికుండంగనే సావు చీర చేతికిస్తవారా?" అని అవ్వ తిట్టింది. తిట్టి, వేడి వేడి జొన్నరొట్టె పెట్టింది. ఆ ఏడాదే గాలయ్య పోయాడు. ఆయన రుమాలులోనే చుట్టి అవ్వ ఆ చీర సందుగ అడుగున దాచుకుంది. ఏటా ఉగాది ముందు ఒకసారి ఎండకు పెట్టి మళ్ళీ మడిచేది. ఒక్కసారి కూడా ఒంటి మీద వేసి చూసుకోలేదు. ఇప్పుడది పోతే ఇంకోటి తేవడానికి ఆ ఇంట్లో మనిషే లేడు.

"నేను పోయి తెస్తనవ్వా" అన్నాను.

"నేను గుడ వస్త" అంది అవ్వ. "నా చీర నేనే తెచ్చుకుంట."

మేము కాలేజీకి వెళ్ళేసరికి తమాషా మొదలైపోయింది. ఎర్ర తివాచీ అంటే టెంట్ హౌస్ వాళ్ళ పట్టా. దాని మీద ఏ పెళ్ళిలోనో ఒలికిన పప్పు మరక అట్లాగే ఉంది. వెండి తీగల బిద్రీ పనికి ఇంత పేరున్న ఊళ్ళో ఉండి, బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ కప్పులు వరసగా బల్ల మీద పెట్టారు. "మిస్టర్ సింప్లిసిటీ" అవార్డు అప్పుడే ఇస్తున్నారు. గెలిచినవాడు గేటు నుంచి హాలు దాకా ఎడ్లబండి అద్దెకు మాట్లాడుకుని, ముందు డోలు వాయించుకుంటూ వచ్చాడట. సింప్లిసిటీ!

సోనాలిని పిలిపించమని స్టేజీ పక్కనున్న పిల్లను అడిగాను. "ఇప్పుడు కుదరదు, ఆమె నెక్స్ట్" అంది. అవ్వను వెనక వరసలో కుర్చీలో కూర్చోబెట్టాను. టీవీలో ఎన్నో చూసింది గానీ, అవార్డు ఫంక్షన్ కళ్ళెదుట చూడటం అవ్వకు అదే మొదలు.

దీపాలు తగ్గాయి. సోనాలి వచ్చింది. చంకలో ఉత్త ఇత్తడి బిందె. జన్మలో ఎప్పుడూ నీళ్ళు మోయలేదని ఆ పట్టుకోవడంలోనే తెలుస్తోంది. కొంగుకు వరసగా పిన్నీసులు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. స్టేజీ మీద సిద్ధార్థ్ గొంతు బరువు చేసుకుని కన్నడంలో చదివాడు. ఇది సోనాలి అజ్జి పెళ్ళి చీరట. యాభై ఏళ్ళ నాటిదట. తాత సంతలో అజ్జిని చూసి, మనసు పడి, నెలల తరబడి కూలి చేసి కొన్నాడట. హాలంతా "ఓ…" అంది. జడ్జీగా హైదరాబాద్ నుంచి వచ్చిన డిజైనర్ మేడం చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

అవ్వకు కన్నడం బాగా వచ్చు. "ఎవని సంతనే?" అంది నాతో. "నా లగ్గం చీర పక్కింటి సంగమ్మది. అడుక్కొచ్చి కట్టిన్రు. మాపటికి నిలవెట్టి విప్పుకపోయిన్రు."

అట్లా అని లేచింది. నేను ఆపలేదు. ఆపాలని కూడా అనిపించలేదు. ఈ వేషాలన్నీ ఒక్క దెబ్బకు కూలిపోవాలని నా మనసు కోరుకుంది. అవ్వ ఆ పప్పు మరక తొక్కుకుంటూ తివాచీ మీద నడిచి స్టేజీ ఎక్కింది. సోనాలి మొహం పాలిపోయింది. సిద్ధార్థ్ మాత్రం మొహం వెడల్పు చేసుకుని, "అజ్జి స్వయంగా వచ్చారు! మీ పెళ్ళి చీర గురించి చెప్పండజ్జీ" అని మైకు నోటి దగ్గర పెట్టాడు.

అవ్వ కన్నడంలోనే చెప్పింది. మా మాటల్లో చెప్పాలంటే ఇది: "గిది నా లగ్గం చీర కాదు. నా పీనుగు మీద కప్పెటానికి నా తమ్ముడు తెచ్చిన చీర. వాడు పోయిండు. ఇగ నాకు తెచ్చెటోళ్ళు లేరు. పిల్లకు తెల్వక కట్టుకున్నది. ఇప్పించుండ్రి, నేను పోత."

హాలు చప్పబడిపోయింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇప్పుడు సిగ్గుపడతారు, తలకాయలు దించుకుంటారు అనుకున్నాను.

డిజైనర్ మేడం లేచి నిలబడింది. కాటుక చెదరకుండా వేలి కొనతో కన్నీళ్ళు అద్దుకుంది. చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆమెను చూసి మిగతా జడ్జీలు లేచారు. వాళ్ళను చూసి హాలంతా లేచింది. ఈలలు, కేకలు, వందల ఫోన్లు గాల్లోకి లేచాయి. ఛీ! వీళ్ళకు ఏం చెబితే సిగ్గొస్తుంది? సావు చీర అని చెబితే పెళ్ళి చీరకంటే బాగుందని చప్పట్లు కొట్టేవాళ్ళను ఏ చెప్పు తీసుకుని కొట్టాలి?

అక్కడితో అయిపోలేదు. సోనాలికి మొదటి బహుమతి. అవ్వకు అప్పటికప్పుడు "బెస్ట్ ఎమోషనల్ మూమెంట్" అని ఒక అవార్డు పుట్టించారు. ముఖ్య అతిథి ఎవరో నాయకుడు, గుట్టలోంచి ఒక శాలువా లాగి అవ్వ మీద కప్పాడు. "అజ్జీ, ఇటు చూడండి, కొంచెం నవ్వండి" అన్నాడు ఫోటోలవాడు.

అవ్వ తన మీద పడ్డ శాలువాను చూసుకుంది. "ఇప్పుడే కప్పుతున్నరేంది? జర ఆగొద్దా?" అంది. మైకులో అందరికీ వినబడింది. దానికీ చప్పట్లు కొట్టారు.

చీర విప్పించడానికి అవ్వనూ సోనాలినీ ఒక క్లాసు రూములోకి తీసుకుపోయాను. సోనాలి పిన్నీసులు పీక్కుంటోంది. ఏడుస్తుంటే ఆ నో మేకప్ మొహమంతా గీతలు గీతలుగా కారింది. "నాకు ఎవ్వలు చెప్పలే అవ్వా" అంది.

"నువ్వు ఎవ్వల్ని అడిగినవ్?" అంది అవ్వ.

"నాకేమన్నా అయితదా అవ్వా? సావు చీర కట్టుకుంటే…"

"నీకేమైతది? కప్పు వచ్చింది గదా."

తిరుగు బస్సులో అవ్వ ఆ చీరను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సెంటు వాసన గుప్పున కొడుతోంది. కొంగు నిండా పిన్నీసు చిల్లులు, అంచుకు మొహం పౌడరు మరక. ఊరు వచ్చేదాకా అవ్వ ఆ మరకను గోటితో గీకుతూనే ఉంది. ఎవర్నీ తిట్టలేదు. దానికే నాకు భయమేసింది.

అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. "నా నోటితోనే తీస్కపొమ్మంటిని గదా!" అని ఏడ్చింది. కానీ ఎంత ఏడ్చినా సంగతి సంగతే. బతికున్న మనిషి కట్టి విడిచిన బట్ట పీనుగు మీదికి పనికి రాదు. ఊరు ఒప్పుకోదు. రెండు రోజులకు బాబాయి సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, నేను కొనిస్తనే. పట్టుది, మంచిది" అన్నాడు.

"నువ్వు నా కొడుకువురా. తమ్ముడివి కావు" అంది అవ్వ. బాబాయి చాయ్ కూడా తాగకుండా పోయాడు.

ఈలోగా ఆ వీడియో ఎవడో నెట్‌లో పెట్టాడు. దాని కింద ఏడుపు బొమ్మలు, దండాల బొమ్మలు. ఒకామె "చీర చాలా బాగుంది, ఎక్కడ దొరుకుతుంది, లింక్ పెట్టండి" అని అడిగింది. గాలయ్యను పంపుతాను, అడిగి తెలుసుకో తల్లీ అని రాద్దామనుకున్నాను. ఎందుకులే అని ఊరుకున్నాను. ఆ శాలువాను మాత్రం అమ్మ చలికి వణుకుతున్న దూడ మీద కప్పింది. ఆ సన్మానం దానికే నప్పింది.

అవ్వ ఆ తర్వాత టీవీ ముందుకు రాలేదు. పక్కింటికీ పోలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. రుమాలు తలకింద పెట్టుకునేది. "దిక్కులేని పీనుగునైతి" అని ఒకసారి తనలో తను అనుకోవడం విన్నాను. ఎన్ని అవార్డు ఫంక్షన్లను వెక్కిరించి ఏం లాభం, మా అవ్వ నోటి వెటకారాన్ని ఆ ఎత్నిక్ డే లాక్కుపోయిందే అని ఏడుపొచ్చింది.

మళ్ళీ ఆదివారం సాయంత్రం టీవీలో ఇంకో అవార్డు ఫంక్షన్. చూడబుద్ధి కాకపోయినా, ఆ చప్పుడు వింటే వస్తుందేమోనని కావాలనే గట్టిగా పెట్టాను. "అవ్వా, ఇయ్యాల తోక ఇంకా పొడుగున్నదే!" అని కేకేశాను. కాసేపటికి లోపల సందుగ మూత చప్పుడైంది.

అవ్వ వచ్చింది. ఆకుపచ్చ ఇర్కల్ చీర గోచీ పోసి కట్టింది. ఎర్ర కొంగు నెత్తి మీదుగా కప్పుకుంది. పిన్నీసు చిల్లులు కనబడుతూనే ఉన్నాయి. నా ఎరుకలో అవ్వ ఒంటి మీద అట్లాంటి చీర ఎన్నడూ చూడలేదు. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఆకు నోట్లో పెట్టుకుంది.

వంటింట్లోంచి వచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "అత్తా! గదేంది, గది కట్టుకుంటివా? రేపు నీ మీద ఏం కప్పాలె?"

"ఇదే కప్పు" అంది అవ్వ. "ఉతికి కప్పు."

"ఊరు ఏమంటది అత్తా?"

"ఊరు ఏమన్నా అననీ. నాకు ఇనవడుతదా? నా తమ్ముడు తెచ్చిండు, నేను కట్టుకున్న. ఇగ రోజు కట్టుకుంట."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. టీవీలో ఒక హీరోయిన్ బారెడు గౌను ఈడ్చుకుంటూ కారు దిగింది. ఇద్దరు వెనక మోస్తున్నారు. అవ్వ కొంగు సర్దుకుని, కళ్ళు చిట్లించి ఆమెను కిందినుంచి పైదాకా చూసింది.

"కిరాయిదేనా?" అంది.

"కిరాయిదే అవ్వా."

"నాది మా గాలడు తెచ్చింది" అంది అవ్వ.